ఈడేరడం, ఓర్చుకోవడం: హార్మోన్ నిరోధక చికిత్సపై ఒక నైతిక పరిశీలన

ఆడపిల్ల తొలిసారి ముట్టు కావడాన్ని చెప్పడానికి తెలుగులో ఎన్నో పలుకుబళ్లు ఉన్నాయి: ఈడేరింది, సమర్తాడింది, పుష్పవతి అయింది, పెద్దమనిషి అయింది. చాలావరకు ఇవి దేహంలోని మార్పును మరుగుపరచి, సంఘంలో ఆమెకు వచ్చిన కొత్త స్థానాన్ని ముందుకు తెస్తాయి. ఏడేళ్ల పిల్ల విషయంలో ‘పెద్దమనిషి అయింది’ అనబోతే నోరు తడబడుతుంది. దేహం అలా తొందరపడినప్పుడు దాన్ని మందుతో ఆపుతున్నాం. ఆ మందు తీర్చేది ఎవరి బాధను అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆడపిల్లల్లో 8, మగపిల్లల్లో 9 ఏళ్లలోపు యౌవన లక్షణాలు మొదలైతే వైద్యులు దాన్ని అకాల యౌవనంగా పరిగణిస్తారు. హైపోథలమస్ విడతలు విడతలుగా విడుదల చేసే ఒక హార్మోను పీయూషగ్రంథిని ప్రేరేపించడమే సహజ యౌవనానికి మూలం. ఈ హార్మోనుపై పరిశోధనకు గాను షాలీ, గిల్లెమిన్‌లు 1977లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. దాన్ని పోలిన ల్యూప్రోలైడ్ వంటి మందు దేహానికి ఎడతెగకుండా అందుతుంది. ఎడతెగని పిలుపుకు గ్రంథి పలకడం మానేస్తుంది. మందు ఆపితే యౌవనక్రమం మళ్లీ సాగుతుంది. ఎండోమెట్రియోసిస్‌కూ ఇదే మందు వాడతారు.

బాలిక విషయంలో వైద్యపరమైన ప్రధాన కారణం ఎత్తు. ఎముకల చివరలు ముందే మూసుకుపోతే ఎదుగుదల ఆగుతుంది. ఆరేళ్లలోపు చికిత్స మొదలైతే ఆ మేలు స్పష్టం. ఎనిమిదికి దగ్గరపడ్డ పిల్లలో అది అంత నిశ్చితం కాదు. అక్కడే మరొక కారణం తల ఎత్తుతుంది: బడిలో హేళన, వీధిలో మగవాళ్ల చూపు, తల్లి భయం. చూసేవాళ్ల దోషానికి పిల్లకు సూదిమందా అని అడగవచ్చు. అడిగి ఊరుకుంటే, సంఘ సంస్కరణ పూర్తయ్యేదాకా ఆ మూల్యం ఏడేళ్ల పిల్లే చెల్లించాలి. కనుక భయాన్ని కారణంగా అంగీకరించవచ్చునని నా అభిప్రాయం. అయితే దాన్ని భయమనే చెప్పాలి, ఎత్తు పేరుతో దాచకూడదు. పిల్లకు చట్టరీత్యా సమ్మతి ఇచ్చే ఈడు లేకపోవచ్చు, ఇష్టాయిష్టాలు చెప్పే ఈడు ఉంది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లల వివాహానికి 14 ఏళ్ల కనీస వయసు పెట్టి, పెళ్లిని రజస్వలత్వం నుంచి విడదీసి ఏళ్ల లెక్కకు కట్టింది. ఈ మందు ఏకంగా దేహాన్నే ఏళ్ల లెక్కకు సర్దుతోంది.

ఎండోమెట్రియోసిస్‌లో అన్యాయం ఎదురుదిక్కు నుంచి వస్తుంది. గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం వెలుపల పెరిగి బాధిస్తుంటే, ‘ఆడవాళ్లకు మామూలే’, ‘పెళ్లయితే సర్దుకుంటుంది’ అన్న మాటల మధ్య ఏళ్లు గడిచిపోతాయి. ఓర్పు అనుభవించేవారు ఎంచుకుంటే గుణం. పక్కనున్నవారు ‘ఓర్చుకో’ అంటే అది ఆజ్ఞ. (మన నీతి గ్రంథాల్లో ఓర్పును స్త్రీకి ఆభరణంగా చెప్పడం వేరే వ్యాసానికి తగిన విషయం.) ఈడేరకముందు ఆపడానికి తొందరపడే సంఘమే ఈడేరిన తరువాత వినడానికి తీరిక లేదంటుంది.

చికిత్స దొరికినా అది సంపూర్ణ నివారణ కాదు. తొలి వారాల్లో నొప్పి పెరగవచ్చు. తరువాత ముట్లుడిగినప్పటివలె ఒంట్లో ఆవిర్లు. ఎముకల సాంద్రత తగ్గడం వల్ల ఈ మందును ఒంటరిగా సాధారణంగా ఆరు నెలలకు మించి ఇవ్వరు. ఆపాక నొప్పి తిరిగి రావచ్చు. ఇవన్నీ ముందే తెలిసిన స్త్రీ ఇచ్చే సమ్మతికీ, ‘తగ్గిపోతుందిలే’ అన్న మాట నమ్మి ఇచ్చే సమ్మతికీ ఒకే విలువ కట్టలేం.

సాక్ష్యం విషయంలోనూ ఇద్దరి స్థితి తలకిందులు. బాలిక ఎముకల వయసు ఎడమచేతి ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఆమె మాట ఎవరూ అడగరు. స్త్రీ వ్యాధి చాలాసార్లు స్కానుకు అందదు. ఆమెకు మాట ఒక్కటే ఆధారం. పొడుస్తోంది, లాగుతోంది, మెలిపెడుతోంది అని ఆమె విడివిడిగా చెప్పినవన్నీ కేసుషీటులోకి వచ్చేసరికి ‘కడుపునొప్పి’ అయిపోతాయి.