గుంజీలు తీయలేని వేదాంతం

ఈ వారం ప్రశ్న కొంచెం విచిత్రంగా ఉంటుంది. "నేను ఈ శరీరం కాదు" అని రోజూ వింటాం, మన వీడియోల్లో మేమూ చెప్తాం. మరి ఈ శరీరంలోని కీళ్ళ కోసం రోజూ పావుగంట పెట్టడం దేహాభిమానం కాదా? ఆ పావుగంట జపానికి ఇస్తే పోలా?

నాకీ ప్రశ్న వినాయక చవితి నాడు ఎదురైంది. కథ విని అక్షింతలు వేసుకున్నాక గుంజీలు తీయడం మా ఇంట్లో ఆనవాయితీ. చెవులు పట్టుకుని మొదలుపెట్టా. నాలుగో దానికే మడమలు నేల మీద నుంచి లేచిపోయాయి, మోకాలు చురుక్కుమంది. ఆరో దానికి ఆపేసి, "మిగతావి మనసులో తీశాలే" అన్నాను. కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ వదల్లేదు. "ఒరేయ్, మనసులో తీసే వయసు నాదిరా, నీది కాదు" అంది.

అందరూ నవ్వారు. నేను మాత్రం లోపల వేదాంతం వెతుక్కున్నా. శరీరం ఎలాగూ అశాశ్వతం కదా, అని. కానీ అదే నేను ఫోన్ కొన్న రోజే టెంపర్డ్ గ్లాస్ వేయిస్తాను. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని కీళ్ళు బిగుసుకుపోనిచ్చి, దానికి వైరాగ్యం అని పేరు పెట్టుకున్నానన్నమాట.

గీత 17వ అధ్యాయం మొదట్లోనే కృష్ణుడు ఈ విషయంలో గట్టిగా మాట్లాడతాడు. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో ఒంటిని, ఒంట్లో ఉన్న తనని కూడా బాధపెట్టేవాళ్ళది ఆసుర స్వభావం అంటాడు. హింసించడం తప్పయితే, పట్టించుకోకుండా తుప్పు పట్టనివ్వడం మాత్రం ఒప్పు ఎలా అవుతుంది?

మరి అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం సంగతేంటి అని మీరు అడగొచ్చు. ఆ కొండని పాదాలతో తొక్కలేక రామానుజాచార్యులు అక్కడ మోకాళ్ళ మీద ఎక్కారని సంప్రదాయం. ఇప్పటికీ అలా ఎక్కే భక్తులున్నారు. అది హింస అని నాకనిపించదు. వాళ్ళ ధ్యాస స్వామి మీద ఉంటుంది, నొప్పి మీద కాదు. పైగా మోకాళ్ళు అర్పించాలన్నా ముందు అవి మడవాలి కదా! శుక్రవారం ఇత్తడి కుందులు తోముతాం, ఇత్తడి మీద మోజుతోనా?

ఇక అసలు పని. ఎముకల చివర ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది, అది కూడా ప్రధానంగా కీలు కదిలినప్పుడు, దాని మీద బరువు పడి తగ్గినప్పుడు. నొప్పి మోకాలిలో ఉన్నా లోపం చాలాసార్లు పైనో కిందో ఉంటుంది. పాదాన్ని గోడకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకి తాకించి చూడండి. నాకు కుడి వైపు తాకలేదు. అంటే బిగుసుకుంది చీలమండ, తిట్లు తిన్నది మోకాలు. ఇప్పుడు పొద్దున్నే చీలమండలు, తుంటి, భుజాలు ఒక్కొక్కటీ నిదానంగా గుండ్రంగా తిప్పుతాను, నొప్పి మొదలయ్యే చోటుకి ముందే ఆగుతాను. వాపు ఉన్నా, కీలు పట్టేసినా ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళాలండి, ఇందులో మొహమాటం వద్దు.

దేహాభిమానం వేరే దారిలో వచ్చింది. నెల తిరక్కుండానే మలాసనంలో కూర్చుని రీల్ తీశాను. లైకులు లెక్కపెడుతూ సంధ్యావందనం ఆలస్యం చేశాక, నాకే సిగ్గేసి తీసేశాను.

ఒకరోజు అమ్మమ్మ మెల్లగా అడిగింది, "కింద కూర్చోలేని దాన్ని, నాది సగం పూజేనంటావా నాన్నా?" అని. ఎన్నేళ్ళ నుంచి ఇది మనసులో పెట్టుకుందో! నా దగ్గర శ్లోకం లేదు. తను నలుగురు పిల్లల్ని పెంచి, రుబ్బురోలు తిప్పి అరగదీసుకున్న మోకాళ్ళవి. నేను వాడకుండా పాడుచేసుకున్నవి నావి. ఈ రెంటినీ దేవుడు ఒకే లెక్కలో వేస్తాడంటే నేను నమ్మను. అదే చెప్పాను. "సర్లే, విష్ణు సహస్రనామం పెట్టు" అంది.

ఇప్పుడు అది వింటూ తను కుర్చీలోనే, నేను చాప మీద, ఇద్దరం చీలమండలు తిప్పుతాం. వచ్చే చవితికి ఇరవై ఒక్క గుంజీలు బాకీ అని ఇప్పటికే లెక్క రాసేసింది. ప్రస్తుతం పదకొండు దగ్గరున్నాను, మడమలు నేల మీదే ఉన్నాయి.