రూమ్మేటు

2023 అక్టోబరు 17 సాయంత్రం పాలకొల్లు నుంచి పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల సంఘం స్త్రీల వాట్సాప్ గ్రూపు పొద్దున్నుంచీ స్తోత్రాలతో నిండిపోయిందట. "మగాళ్లకీ మగాళ్లకీ పెళ్లి కుదరదని పెద్దకోర్టు చెప్పేసిందంట కదే?" అంది. అవును పిన్నీ అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యకి నువ్వోసారి ఫోన్ చెయ్యవే, నేను చేస్తే ఎత్తట్లేదు" అంది.

అన్నయ్య అంటే పిన్ని కొడుకే. హైదరాబాదులో ఎనిమిదేళ్లుగా ఇంకో మనిషితో కలిసి బతుకుతున్నాడు. ఆ మనిషిని పిన్ని "మావాడి రూమ్మేటు" అంటుంది. బాబాయి పోయినప్పుడు ఆ రూమ్మేటు రాత్రంతా బస్సులో వచ్చి, పొద్దున్నే కుర్చీలు మోసి, వచ్చినవాళ్లకి టీలు అందించి, సమాధుల తోటలో మాత్రం కుటుంబం వరసలో కాకుండా వెనకాల షామియానా కుర్రాళ్ల పక్కన నిలబడ్డాడు. ఎవరూ నిలబడమనలేదు. ఎవరూ ముందుకు రమ్మనీ అనలేదు.

ఆ రోజు కోర్టు ముందున్న ప్రశ్నలు రెండు. వాట్సాప్ గ్రూపులో ఒక్కటిగానే చేరాయి. కేసు మొదలైంది హైదరాబాదు జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ వేసిన పిటిషన్‌తో. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదనీ, చట్టం మార్చడం పార్లమెంటు పని అనీ అయిదుగురు న్యాయమూర్తులూ ఒప్పుకున్నారు. రెండో ప్రశ్న సివిల్ యూనియన్: పెళ్లి అనకపోయినా, ఇద్దరూ ఒక ఇంటివాళ్లని ప్రభుత్వం గుర్తించాలా వద్దా? దీనిమీద చీలిపోయారు. చంద్రచూడ్, కౌల్ గుర్తించాలన్నారు. రవీంద్ర భట్, హిమా కోహ్లీ, మన తెలుగాయన పి.ఎస్. నరసింహ అలాంటి హక్కు కోర్టు ఇవ్వలేదన్నారు. మూడుకి రెండు.

చర్చి పట్టించుకోవాల్సింది ఈ రెండు ప్రశ్నల మధ్య తేడానే అని నాకనిపిస్తుంది. కానీ మనవాళ్లకి అది కనిపించకపోవడానికి ఒక కారణం ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సున్న పాస్టరుగారు పెళ్లిరోజు రెండు ఉద్యోగాలు చేస్తారు. చెయ్యి చాపి ఆశీర్వదించేదీ ఆయనే, రిజిస్టరు తెరిచి సంతకాలు పెట్టించేదీ ఆయనే. ఒకటి దేవుడి పని, ఇంకోటి సర్కారు పని. ఒకే మనిషి, ఒకే గుడి, ఒకే గంట. రెండూ ఒకటే అనుకోవడంలో వింతేముంది? ఫ్రాన్సులో అయితే ముందు మునిసిపాలిటీ ఆఫీసులో పెళ్లి చేసుకోవాలి, ఆ తర్వాతే గుడి. అక్కడ తేడా చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

"ఇదంతా పాశ్చాత్యుల రోగం" అనే మాట డెల్టాలో ఏ కూడికకి వెళ్లినా వినిపిస్తుంది. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం చేరి బ్రదరెన్ సంఘాలు కట్టకపోతే, జర్మన్లూ అమెరికన్లూ రాజమండ్రిలో లూథరన్ మిషను పెట్టకపోతే, ఈ మాట అంటున్నవాళ్ల చేతుల్లో బైబిలే ఉండేది కాదు. స్వలింగ సంబంధాల్ని నేరం చేసిన 377 సెక్షను కూడా 1860లో ఇంగ్లీషు దొరలు రాసిందే. దాన్ని తగ్గించడానికి 2018 దాకా పట్టింది. ఇంకో తమాషా ఏమిటంటే, పాఠం చెప్పిన ఇళ్లే ఇప్పుడు పాఠం మార్చుకుంటున్నాయి. గుంటూరుకీ రాజమండ్రికీ మనుషుల్ని పంపిన అమెరికన్ లూథరన్ల వారసత్వ సంఘం, తోడుతో కలిసి బతికే గే పాస్టర్లని 2009లో అంగీకరించింది. 2023 డిసెంబరులో వాటికన్, అలాంటి జంటల్ని పెళ్లి తంతు అనిపించకుండా ఆశీర్వదించవచ్చంది. అదే నెలలో ఇంగ్లండు చర్చిలోనూ వాళ్ల కోసం ప్రార్థనలు మొదలయ్యాయి. మన సంఘాలు వాళ్లని అనుసరించాలని నేను అనను. వాళ్లు చెప్పారు కాబట్టి మార్చుకుంటే అది ఇంకో రకం మిషనరీ విధేయత.

వ్యతిరేకించేవాళ్ల వాదన చిన్నది కాదు. విడాకుల గురించి అడిగినప్పుడు యేసు ఆదికాండంలోని స్త్రీపురుషుల దగ్గరికే వెళ్లాడు. పౌలు పెళ్లిని క్రీస్తుకీ సంఘానికీ గుర్తుగా చూశాడు. ఈ రెండూ గట్టిగా నమ్మినవాళ్లందరూ ద్వేషంతో మాట్లాడుతున్నారని అనలేం. మా నాన్న అలాగే నమ్ముతాడు, అన్నయ్య వస్తే తన మంచం ఇచ్చేస్తాడు.

అయితే వాక్యం మనదాకా ఏ మాటల్లో వచ్చిందన్నది కూడా చూడాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ల జాబితా ఉంది. అందులో ఒక గ్రీకు మాటకి మూలార్థం 'మెత్తనివాళ్లు'. మత్తయి సువార్తలో అదే మాట మెత్తటి బట్టల గురించి వస్తుంది. మన తెలుగు బైబిల్లో అది 'ఆడంగితనము గలవారు' అయింది. పండితులు ఆ మాట గురించి ఏమైనా వాదించుకోనీ, గోదావరి జిల్లా వీధిలో ఆడంగి అంటే ఏమిటో అందరికీ తెలుసు. నడకలో ఒయ్యారం ఉన్న పిల్లాడు, గొంతు సన్నగా ఉన్న పిల్లాడు, అమ్మ పక్కన కూర్చుని పూలు కట్టే పిల్లాడు. అన్నయ్యకి ఎనిమిదో తరగతిలో ఆ పేరు పెట్టారు. సండే స్కూల్లో ఆ అధ్యాయం చదివిన రోజు వెనక బెంచీ మొత్తం వాడివైపు తిరిగి నవ్వింది. టీచరు నవ్వలేదు, కానీ ఆపనూ లేదు. అప్పటికి వాడు ఏ పాపమూ చేసి ఉండడు. గొంతు సన్నగా ఉంది, అంతే.

పెళ్లి విషయంలో సంఘం ఎన్నడూ మారలేదనే మాట కూడా నిజం కాదు. 1888లో లాంబెత్‌లో కూడిన ఆంగ్లికన్ బిషప్పులు, ఒకరికి మించి భార్యలున్న మగవాడికి బాప్తిస్మం ఇవ్వకూడదన్నారు. వందేళ్ల తర్వాత, 1988లో, మళ్లీ పెళ్లాడనని మాటిస్తే ఇవ్వొచ్చన్నారు, ఉన్న భార్యల్ని వెళ్లగొట్టమని బలవంతం చెయ్యకూడదన్నారు. ఎందుకంటే వెళ్లగొడితే ఆ ఆడవాళ్ల గతేమిటి? ఏకపత్నీవ్రతం మీద నమ్మకాన్ని వదులుకోలేదు. మన నియమం వల్ల వీధిన పడేది ఎవరు అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నే ఇక్కడ కూడా అడగమంటున్నాను.

అన్నయ్యకి ముప్ఫై దాటాక పాస్టరుగారు ఇంటికొచ్చి, "పెళ్లి చేసెయ్యండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. పిన్ని "ఆయ్, అలాగేనండి" అంది. భీమవరం సంబంధం ఒకటి మాటల దాకా వచ్చింది. అమ్మాయి నర్సింగు చదివింది. అన్నయ్యే ఆ పిల్ల తండ్రికి ఫోన్ చేసి, తప్పు నాదేనండీ అని చెప్పి ఆపేశాడు. ఆపకపోతే మూడు ఆదివారాలు మందిరంలో ప్రకటన చదివేవారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. తెలిసినవాళ్లు కనీసం నలుగురు ఆ బల్లల మీదే కూర్చుని ఉండేవాళ్లు. నోరు విప్పేవారా? వాడికి పెళ్లి వద్దని చెప్పే సంఘం కన్నా, ఆ అమ్మాయితో వాడికి పెళ్లి చేసే సంఘమే నాకు ఎక్కువ భయం.

సరే, ఒంటరిగా ఉండమంటారు. ఉండటానికి చోటేది? కేథలిక్కులకి కాన్వెంటు ఉంది, ఫాదర్లకి కలిసి తినే బల్ల ఉంది, ముసలితనంలో చూసే మనుషులున్నారు. మన ప్రొటెస్టెంటు సంఘాల్లో పెళ్లికాని మనిషిని పాస్టరుగా పిలవడానికే జంకుతారు. పౌలు పెళ్లి చేసుకోలేదని ప్రసంగిస్తారు, బయటికొచ్చి "ఏం బాబూ, పప్పన్నం ఎప్పుడు?" అంటారు. బ్రహ్మచర్యం అడిగేవాళ్లు, ఆ బ్రహ్మచారికి అరవై ఏళ్లప్పుడు జ్వరమొస్తే గంజి ఎవరు కాస్తారో కూడా చెప్పాలి కదా.

ఇక కాగితం సంగతి. మా ఊరి మందిరంలో ఆదివారం కూర్చునే చాలామందికి రెండు గుర్తింపులు. బాప్తిస్మం రిజిస్టర్లో ఒకటి, కులం సర్టిఫికెట్లో ఇంకోటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఆ తలుపు తెరిచారు, మనకి తెరవలేదు. ఆంధ్రాలో మనల్ని బీసీ-సి అన్నారు. క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులోనే చెప్పింది. మనం ఏమంటాం? నా ఇంట్లో నేనెవర్నో, ఎవరికి మొక్కుతానో అది ప్రభుత్వానికి అనవసరం, నా హక్కు నాకివ్వాలి అంటాం. న్యాయమైన మాట. రూమ్మేటు అనే మాట కూడా అలాంటి సర్టిఫికెట్టే. నిజం ఒకటి, బయట చూపించుకోవాల్సింది ఇంకోటి.

ఒక సంఘ పెద్దకి ఇదే చెబితే, "కులం పుట్టుకతో వచ్చింది, ఇది పాపం, పోలికేంటమ్మా?" అన్నారు. నేను పాపాల్ని పోల్చడం లేదు. ప్రభుత్వాన్ని మనం ఏం అడుగుతున్నామో అది పోలుస్తున్నాను. గ్రంథంలో ఉంది కాబట్టి చట్టంలో ఉండాలంటే, ఈ దేశంలో రేపు చట్టమయ్యే గ్రంథం మనది అవుతుందా? గుడిలో ఎవరిని ఆశీర్వదించాలో సంఘం తేల్చుకోనీ, ఎన్నాళ్లైనా వాదించుకోనీ. సివిల్ యూనియన్ అడిగేది ఆశీర్వాదం కాదు. పోయాక శరీరం ఎవరికి అప్పగించాలి, ఆపరేషనుకి సంతకం ఎవరు పెట్టాలి, ఇల్లు ఎవరికి మిగలాలి, ఇవీ. 2024లో కేంద్రం, ఇలాంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవచ్చనీ, నామినీగా పెట్టుకోవచ్చనీ చెప్పింది. అన్నయ్య వెంటనే వెళ్లి తెరిచాడు. కానీ అది చట్టం కాదు, ఒక వివరణ. ఇల్లు ఎవరికి మిగలాలో అందులో లేదు.

పిన్నికి ఈ వాదనలేవీ నేను చెప్పలేదు. సివిల్ యూనియన్ అంటే ఏమిటో కూడా ఆవిడకి తెలియదు. మొన్న క్రిస్మస్‌కి వెళ్లినప్పుడు ఆరాధనకి ముందు ప్రార్థన అవసరతల చీటీ నా చేతే రాయించింది, కళ్లజోడు మర్చిపోయానని. మోకాళ్ల నొప్పులు రాయమంది. అన్నయ్య పేరు రాయమంది. రాశాక, "పక్కన ఆ అబ్బాయి పేరు కూడా ఎయ్యి" అంది. ఏమని రాయను పిన్నీ, స్నేహితుడనా అన్నాను. "ఏం అక్కర్లేదు, పేరు చాలు" అంది. పాస్టరుగారు వీసాలూ డీఎస్సీ పరీక్షలూ పాడిగేదెల మధ్య ఆ రెండు పేర్లూ ఒకదాని వెంట ఒకటి చదివారు. అందరూ ఆమేన్ అన్నారు. పిన్ని కొంచెం గట్టిగా అంది.