తయారీ ఖర్చు మనది

ఒక దేశం ఇంకో దేశాన్ని దోచుకుందంటే మన కళ్ల ముందు ఓడలు కదులుతాయి. 1611లో ఇంగ్లిషువాళ్లు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. నేతగాళ్ల చేతిలో ముందుగా బయానా పెట్టి, ఆ బాకీ తీరేదాకా మరొకరికి బట్ట అమ్మకుండా కట్టేశారు. చివరికి మాంచెస్టర్ మిల్లు బట్ట వచ్చి మగ్గాన్నే మూలన పడేసింది. ఇలా తరలిపోయిన సంపదకు దాదాభాయ్ నౌరోజీ ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, 1901లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. ఆ లెక్కల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి బట్టలూ దినుసులూ కావు, పింఛన్లు. ఇక్కడ కొలువు చేసి ఇంగ్లండు తిరిగి వెళ్లిపోయిన దొరలకు అక్కడ కూర్చోబెట్టి పింఛను ఇచ్చింది మన రైతు కట్టిన శిస్తు. వాళ్లతో పాటు ఇక్కడ సంపాదించిన అనుభవమూ జ్ఞానమూ వెళ్లిపోతున్నాయనీ, అదీ నష్టమేననీ ఆయన వాదించాడు.

హైదరాబాదు అమీర్‌పేటలో, సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన మైత్రీవనం దగ్గర తిరుగుతున్నప్పుడల్లా ఆ వాదన గుర్తొస్తుంది. పొద్దున ఏడింటికే ఇక్కడ మొదటి బ్యాచ్ మొదలవుతుంది. మెట్రో మెట్లు దిగుతుంటేనే చేతిలో పాంప్లెట్ పెడతారు. ఎస్సార్ నగర్ హాస్టళ్ల నుంచి తల కూడా ఆరకుండా వచ్చిన పిల్లలు టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటూ నోట్సు తిరగేస్తుంటారు. అది ఫ్యాకల్టీ బోర్డు మీద చెప్పుకుంటూ పోయిన పాఠాన్ని ఎవరో బుద్ధిమంతుడు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న నోట్సు. జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగు వేసి అమ్ముతారు. ఏ పేజీలోనో మొదటివాడు మార్జిన్లో వేసుకున్న ప్రశ్నార్థకం కూడా వందల కాపీల్లో అలాగే వస్తుంది. కోర్సుల పేర్లు మారుతూ వచ్చాయి: కోబాల్, ఒరాకిల్, జావా, శాప్, సేల్స్‌ఫోర్స్, డెవాప్స్, ఇప్పుడు జెన్ ఏఐ. ఇన్నేళ్లలో ఇక్కడ ఏం నేర్పాలో నిర్ణయించింది మన అవసరం కాదు. మన మున్సిపాలిటీకో, మార్కెట్ యార్డుకో, జిల్లా ఆస్పత్రికో ఏ సాఫ్ట్‌వేర్ కావాలని ఈ వీధిలో ఎవరూ అడగలేదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఏ పనికి మనుషులు కావాలో ఆ పేరు పదిరోజుల్లో ఇక్కడి ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది.

నిరుడు ఒక జిరాక్సు షాపు ముందు నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒకాయనతో మాట కలిసింది. కొడుకు పైన డెమో క్లాసులో ఉన్నాడు. అమెరికాలో ఎమ్మెస్‌కు సీటొచ్చిందట, వెళ్లేలోగా ఒక కోర్సు చేయిస్తున్నాడు. "ఎకరంన్నర అమ్మిన సారూ. మిగిలింది బ్యాంకోళ్లు ఇస్తమన్నరు. ఆడ ఉద్యోగమొస్తె రెండు మూడేండ్లల్ల తీరిపోతదంట. తీరుతదంటరా?" అని అడిగాడు. చాలామందికి తీరిందనే చెప్పాను, అది నిజమే.

కానీ ఆ పిల్లవాడి మీద అప్పటికే పెట్టిన ఖర్చు ఎవరి పద్దులోకి వస్తుంది? అంగన్‌వాడీ గుడ్డు, సర్కారు బడి, ఉచిత పాఠ్యపుస్తకాలు, ఇంజనీరింగ్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్: ఇదంతా జనం పన్ను. పొలం తండ్రిది. ఇరవై మూడేళ్ల చాకిరీ తల్లిది, దానికి ఎక్కడా లెక్కే లేదు. ఇన్నేళ్లలో అమెరికాకు ఒక్క డాలరు ఖర్చు కాలేదు. పైగా అక్కడ కాలు పెట్టాక రెండేళ్లు అతనే ఆ దేశపు యూనివర్సిటీకి, స్థానికులు కట్టేదానికన్నా ఎక్కువగా ఫీజు కడతాడు. మనిషిని తయారు చేసే ఖర్చంతా పేద దేశానిది, తయారైన మనిషి పని ధనిక దేశానిది. చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ హైదరాబాదులోనూ సిడ్నీలోనూ మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల మధ్య తిరిగి 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అనే పుస్తకం వెలువరించాడు. కోస్తా పొలాల మిగులు, పెళ్లికట్నం ఈ ప్రపంచ వ్యాపారానికి ఎలా పెట్టుబడి అయ్యాయో అందులో చూపించాడు. కట్నం తెచ్చిన ఆడపిల్ల కూడా సిలికాన్ వ్యాలీకి మదుపు పెట్టినట్టే అన్నమాట. ఇది చదివాక నాకు చాలా పెళ్లి పందిళ్లు వేరుగా కనబడ్డాయి.

మా ఊరి చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో అతనే చూసేవాడు, తేడా చేస్తే ఊరు నిలదీసేది. అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసా కూడా అలాంటి తూమే, కాకపోతే దాని నీరటి మనకు జవాబుదారీ కాదు. 1990 నాటి చట్టం ఏడాదికి 65 వేలు అంది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తప్పుతాయన్న వై2కె భయం పట్టుకోగానే 1998లో దాన్ని 1,15,000 చేశారు, 2000 అక్టోబరులో 1,95,000కి పెంచారు. డాట్‌కామ్ బుడగ పేలింది, అవసరం తీరింది, 2004 ఆర్థిక సంవత్సరానికి మళ్లీ 65 వేలకు దించారు. తర్వాత అక్కడే పీజీ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు కలిపారు. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ ఒక్క సంతకంతో, కొత్తగా బయటినుంచి తెచ్చుకునే ఒక్కో ఉద్యోగికి లక్ష డాలర్ల రుసుము పెట్టాడు. ఈ వీసాలు పొందేవాళ్లలో నూటికి 70 మందికి పైగా భారతీయులే. తూము ఎప్పుడెత్తాలి, ఎప్పుడు దించాలి అన్నదాంట్లో ఎకరంన్నర అమ్మిన మనిషికి ఒక్క మాట చెప్పే హక్కు లేదు.

2000 సంవత్సరం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మార్చి 24న క్లింటన్ హైదరాబాదు వచ్చి హైటెక్ సిటీలో ప్రసంగించాడు, నగరం ముస్తాబైంది. ఆగస్టు 28న ఇదే నగరంలో బషీర్‌బాగ్ దగ్గర కరెంటు చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ విద్యుత్ సంస్కరణల వెనక వాషింగ్టన్‌లోని ప్రపంచ బ్యాంకు 1999లో మంజూరు చేసిన అప్పు ఉంది. అక్టోబరులో వాషింగ్టన్‌లో వీసాల సంఖ్య పెరిగింది. పల్లె బోరుకు కరెంటు ఎంతకు దొరకాలి, ఆ పల్లె పిల్లాడు ఎక్కడికి వెళ్లాలి అన్నవి రెండూ ఆ ఏడాది ఒకే ఊళ్లో తేలాయి, ఆ ఊరు మనది కాదు.

ఎవరూ మెడ పట్టి తోయలేదు కదా, మన పిల్లలే ఎగబడి వెళ్తున్నారు కదా అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. ప్రపంచ బ్యాంకు లెక్కన 2024లో విదేశాల నుంచి భారత్‌కు వచ్చిన డబ్బు దాదాపు 129 బిలియన్ డాలర్లు. ఏ దేశానికీ అంత రాలేదు. ఆ డబ్బుతో ఇళ్లు లేచాయి, చెల్లెళ్లు చదువుకున్నారు. అయినా బయానా పుచ్చుకున్న నేతగాడూ ఇష్టపడే పుచ్చుకున్నాడు. ఇంకో దారి లేనిచోట చూపిన ఇష్టాన్ని చూసి బేరం న్యాయంగా జరిగిందని అనుకోలేం. మధ్యలో తినేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. అక్కడ పాఠాలు లేవు, ఎందుకంటే అది అమెరికా ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన బోగస్ సంస్థ. ఫీజులు మాత్రం నిజంగానే వసూలు చేసింది. 2019 జనవరిలో పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువాళ్లు చాలామంది. పిల్లల్ని చేర్పించారని కేసుల్లో ఇరుక్కున్న దళారులు కూడా మనవాళ్లే.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది పింఛను సంగతి. హెచ్-1బి మీద పనిచేసే మనవాడి జీతంలోంచి నూటికి 6.2 చొప్పున అమెరికా సోషల్ సెక్యూరిటీ నిధికి కోత పడుతుంది. కంపెనీ కూడా అంతే జమ చేస్తుంది. ఇవాళ అక్కడి వృద్ధులకు నెలనెలా అందేది ఆ డబ్బే. అందులోంచి తనకు పింఛను రావాలంటే పదేళ్లు కట్టి ఉండాలి. గ్రీన్‌కార్డు దారి పట్టనివాడికి ఆ వీసా ఉండేది ఆరేళ్లు. తిరిగొస్తే కట్టినదాంట్లో పైసా వెనక్కి రాదు. గ్రీన్‌కార్డు వరసలో నిలబడదామంటే ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన ఉంది కనుక మనవాళ్లకు ఆ వరస ఏళ్లకేళ్లు కదలదు. నౌరోజీ కాలంలో దొరల పింఛన్లు మన శిస్తులోంచి పోయేవి. ఇప్పుడు పరాయి వృద్ధుల పింఛనులో మన కుర్రాళ్ల జీతం కలుస్తోంది, దానికి ఊళ్లో ఒక పొలం అమ్ముడుపోయింది.

రెండు దేశాలు ఒప్పందం చేసుకుంటే, ఇక్కడి కంపెనీ తాత్కాలికంగా పంపినవాళ్లకు ఈ కోత ఆగుతుంది, మిగతావాళ్లకు రెండు చోట్లా కట్టిన ఏళ్లు కలిపి పింఛనుకు లెక్కకొస్తాయి. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, దక్షిణ కొరియా, కెనడా, ఆస్ట్రేలియా మనతో అలాంటి ఒప్పందం చేసుకున్నాయి. అమెరికాను మన ప్రభుత్వం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. భారత్‌లో సామాజిక భద్రత జనంలో ఎక్కువమందికి వర్తించదు కాబట్టి తమ చట్టప్రకారం కుదరదన్నది వాళ్ల జవాబు. ఆ జవాబు విన్నప్పుడు నాకు కోపం వాళ్ల మీదే కాదు, మన మీద కూడా వచ్చింది. నలభై ఏళ్లు నాట్లేసిన ఆడమనిషికి తెలంగాణలో మనం ఇచ్చే ఆసరా పింఛను 2025లోనూ నెలకు 2,016 రూపాయలే. అదీ కొలిచి పెట్టిన దయ లాంటిదే తప్ప ఆమె పనికి దక్కిన హక్కు కాదు. పొలంలో, మగ్గం మీద, ఇంట్లో వయసంతా ధారపోసినవాళ్లకు మనం వృద్ధాప్య భరోసా ఇవ్వలేదు గనకే, ఆ లోటును చూపించి వాళ్ల పిల్లల జీతాన్ని అమెరికా ఉంచుకుంటోంది. వాణిజ్య చర్చలకు ఢిల్లీ నుంచి వెళ్లేవాళ్లు ఈ ఒప్పందాన్ని సుంకాల కన్నా ముందు బల్ల మీద పెట్టాలి. దానికన్నా ముందు ఇక్కడ, కూలికి వెళ్లే ప్రతి మనిషికీ పింఛనును హక్కుగా రాసి ఇవ్వాలి. ఆ పనికి మనం ఎవరి వీసా కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.