తప్పు కనబడే మందు

మన తెలుగులో మందు అనే మాటను ఎన్ని చోట్ల వాడతామో చూడండి. జ్వరానికి వేసుకునేది మందు. పత్తికి కొట్టేది మందు. సంత రోజు కొందరు తాగేది మందు. తుపాకిలో పోసేదీ మందే. నాలుగింటికీ ఒకే పేరు ఎలా వచ్చిందో పండితులు చెప్పాలి. నాకు తెలిసింది ఒక్కటే. నాలుగింటికీ కొలత కావాలి. కొలత తప్పితే నాలుగూ ప్రాణం తీస్తాయి.

ఈ వ్యాసం ఆ నాలుగో మందు గురించి. దాని వెనక ఉన్న ఒక ప్రశ్న గురించి.

మా తాతకు ఒక నాటు తుపాకి ఉండేది. కొండపోడులో చోళ్లు, సామలు కంకి వేసే రోజుల్లో అడవి పందులు దిగేవి. తాత రాత్రంతా మంచె మీదే ఉండేవాడు. తుపాకి మందు కొలవడానికి ఆయన దగ్గర ఒక చిన్న వెదురు గొట్టం ఉండేది. అది నిండితే ఒక కొలత. చీకట్లో అయినా, తొందరలో అయినా అంతకు మించి పోసేవాడు కాదు. "కంటిని నమ్మొద్దు, వెదురుని నమ్ము" అని చిన్నాన్నకు చెప్పేవాడు.

తాత పోయాక తుపాకి చిన్నాన్నకు వచ్చింది, దానితోపాటు వెదురు గొట్టమూ వచ్చింది. ఒక ఏడు చైత్రంలో, ఇటుకల పండుగ ముందు, సంతలో ఎవరో ఆయనకు కొత్త మందు అమ్మారు. పాతదానికన్నా గట్టిదన్నారు. చిన్నాన్న అదే వెదురుతో కొలిచి, అదే కొలత పోశాడు. తుపాకి గొట్టం పగిలింది. ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి.

ఊళ్లో తలా ఒక మాట అన్నారు. కొండదేవతకు మొక్కు తీర్చలేదని ఒకరు, తుపాకి పాతబడిందని ఒకరు. చిన్నాన్న మాత్రం "నేను అయ్య చెప్పినట్టే కొలిచాను" అనేవాడు. అది అబద్ధం కాదు. కొలత మారలేదు. కొలిచిన వస్తువు మారింది.

పాత నల్లమందులో సూరేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి. పేలితే చాలా పొగ వస్తుంది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ అనే రసాయనవేత్త పొగ దాదాపు రాని మందు కనిపెట్టాడు. అది నల్లమందుకన్నా చాలా బలమైనది. చేతిలో పోసుకుని చూస్తే తెలియనివాడికి రెండూ ముదురు రంగు పలుకుల్లాగే ఉంటాయి. నల్లమందు కోసం చేసిన గొట్టం రెండోదాని దెబ్బకు ఆగదు.

మరి పెద్దలు చెప్పిన కొలత పాటించినవాడు తప్పు చేసినట్టా, కాదా? చాలాకాలం ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబు వెతుకుతుంటే, దూరదేశంలో మందు ఎంచుకునే పద్ధతి ఒకటి తెలిసింది.

అమెరికాలో చాలామంది తమ పిస్తోళ్లకు ఇంట్లోనే తూటాలు నింపుకుంటారు. పేలిన తూటా ఇత్తడి గుల్లను పారేయరు. దానికి కొత్త టోపీ బిగించి, మందు పోసి, పైన గుండు కూర్చి మళ్లీ వాడతారు. సొంతానికి నింపుకోవడానికి అక్కడి కేంద్ర చట్టం లైసెన్సు అడగదు. అమ్మడానికైతే లైసెన్సు ఉండాలి. మన దేశంలో అలా కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గానీ తూటా గానీ తయారు చేయడం నేరం. అందుకని నేను వాళ్ల పని నేర్పడం లేదు. వాళ్ల ఆలోచన ఒకటి చెప్తున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాడు ఏ మందు కొనాలి? కొన్ని మందులు కొంచెం పోస్తే చాలు, డబ్బా ఎక్కువ రోజులు వస్తుంది. డబ్బు మిగులుతుంది. కానీ ఆ కొంచెం మందు గుల్లలో సగం కూడా నిండదు. మధ్యలో ఎవరో పిలిచి ధ్యాస తప్పితే అదే గుల్లలో రెండోసారి పోసేయవచ్చు. పైన గుండు కూర్చాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు. పేల్చిన రోజునే తెలుస్తుంది.

ఇంకో రకం మందు గుల్లలో సగానికి పైగా నిండుతుంది. రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది. ఖర్చు కొంచెం ఎక్కువ. అయినా అనుభవం ఉన్నవాళ్లు చాలామంది కొత్తవాళ్లకు ఈ రెండోదే చెప్తారు. నీ తప్పును నీ కంటికి చూపించే మందు ఎంచుకో అని దాని అర్థం.

అది మందు గురించిన జ్ఞానం మాత్రమే కాదు, మనిషి గురించిన జ్ఞానం. నేను ఏదో ఒక రోజు పొరపాటు చేస్తాను అని ముందే ఒప్పుకున్నవాడే అలాంటి మందు కొంటాడు. వాళ్లు మందును తూచే కొలత పేరు గ్రెయిన్, అంటే గింజ. గ్రాములో సుమారు పదిహేనో వంతు. మన కంసాలులు బంగారాన్ని గురివింద గింజతో తూచేవారు. గురివింద తన కింది నలుపు ఎరగదని మన సామెత. ఎంత చిన్న గింజతో తూచినా, తూచేవాడు తన నలుపు ఎరగకపోతే లాభం లేదు.

వాళ్లకు ఇంకొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. బల్ల మీద ఒకసారికి ఒక్క డబ్బా మందే ఉండాలి. పేరు లేని డబ్బాలోది వాడకూడదు. ఏ మందు ఎంత పోశామో పెట్టె మీద రాయాలి. ముక్కూ మొహం తెలియనివాడు నింపిన తూటా పేల్చకూడదు. చిన్నాన్న విషయంలో ఇవేవీ జరగలేదు. ఆ మందుకు పేరు లేదు. అమ్మినవాడికి ఊరు లేదు. లైసెన్సు లేని తుపాకి కాబట్టి చిన్నాన్న ఇంకొకరిని అడగలేకపోయాడు. అందుకే నా జవాబు ఇది. ఆయన తప్పు కొలతలో లేదు. అంతా చాటున జరగడంలో ఉంది. చాటున ఉన్నచోట తప్పు దిద్దుకునే అవకాశం ఉండదు.

ఇక్కడ ఒక విద్యార్థి నన్ను అడగవచ్చు. "అంత జాగ్రత్తగా నింపిన తూటా కూడా మనిషిని చంపదా?" చంపుతుంది. జాగ్రత్త వేరు, న్యాయం వేరు. ఏ మందు, ఎంత అనే ప్రశ్నల కంటే ముందు దేనికి అనే ప్రశ్న ఉంది. దానికి ఏ త్రాసూ జవాబు చెప్పదు. అందరి ముందూ నిలబడి మనమే చెప్పాలి.

మన నేల మీదే దానికి గుర్తు ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర దళం తుపాకులు, తూటాలు తీసుకుపోయింది. ఏవేవి తీసుకున్నామో స్టేషను పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడని మన వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. సామ్రాజ్యం మీద తిరగబడినవాళ్లు కూడా లెక్కను చాటున పెట్టలేదు. దేనికి అని అడిగితే చెప్పగలిగారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన చేతుల్లో తుపాకి అక్కర్లేదు. వేరే బలాలు ఉన్నాయి. టీచరు చేతిలో మార్కులు ఉన్నాయి. ఊరి పెద్దల చేతిలో తప్పు కట్టించే అధికారం ఉంది. సంఘం కోశాధికారి చేతిలో డబ్బు ఉంది. మీ చేతిలో ఒక్క వేలితో వెయ్యిమందికి మాట పంపే ఫోను ఉంది. వీటిలో ప్రతిదాన్నీ చాటునా వాడవచ్చు, పదిమందిలోనూ వాడవచ్చు. పేపరు దిద్దాక పిల్లల చేతికి ఇచ్చి చూసుకోమన్న టీచరు, జమాఖర్చు సభలో గట్టిగా చదివిన కోశాధికారి, చెట్టు కింద అందరి ముందూ తీర్పు చెప్పిన పెద్ద, వీళ్లంతా తప్పు కనబడే మందునే ఎంచుకున్నారు. దానికి టైము ఎక్కువ పడుతుంది. ఒక్కోసారి నలుగురిలో పరువు పోతుంది. బల్ల మీద ఒలికిన మందును ఊడ్చుకోవచ్చు. పోయిన వేళ్లు తిరిగి రావు.

ఆ తర్వాత మా ఇంట్లో తుపాకి లేదు. చిన్నాన్నకు చదువు రాదు. ఇప్పుడు పత్తికి మందు డబ్బా తెస్తే, మూత తీయకముందే ఆరో తరగతి చదివే మనవరాలిని పిలుస్తాడు. "ముందు పేరు చదువమ్మా. ఆ తర్వాత కొలత చదువు" అంటాడు. ఆ పిల్ల రెండూ గట్టిగా, వీధిలోకి వినబడేలా చదువుతుంది.