గాజుపెట్టెలో గృహాలంకరణ

ఇల్లు సర్దుకోవటం ఓ సరదా. ఆ సరదా మనుషులతో ఆగదు. చిలక పంజరానికి రంగులు, కుక్కపిల్లకి ముఖమల్ పరుపు, ఆఖరికి తాబేలు పిల్లకి నీళ్ళతొట్టిలో ఓ బుల్లి రాజమహలూ! మందర పర్వతాన్ని వీపున మోసిన జాతికి ప్లాస్టిక్ మహలొక లెక్కా అనుకుంటాం కాబోలు.

ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది కళ్ళ వెనక ఎర్రటి చార వుండే అమెరికా తాబేలు. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. మన నక్షత్ర తాబేలుని పెంచటం ఎలాగూ చట్టరీత్యా నేరం. ఈ అమెరికా అతిథికి అద్దాల తొట్టి, అడుగున గులాబీరంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ తీగలు, రంగు దీపాలు. చూడ్డానికి పెళ్ళిపందిరిలా వుంటుంది. తాబేలు మాత్రం రోజంతా అద్దాన్ని గోళ్ళతో గీరుతుంది. "చూశారా, మిమ్మల్ని పలకరిస్తోంది" అంటారు ఇంటివాళ్ళు మురిసిపోతూ. ఇక్కడ ఇరుగ్గా వుందని మొరపెట్టుకుంటోందేమో!

అలంకరణ లోపల వుండేవాళ్ళ కోసమా, బయట నించుని చూసేవాళ్ళ కోసమా?

ఈ ప్రశ్న మనకి కొత్తేం కాదు. వీధిలోంచి చూస్తే మేడ మహా గొప్పగా వుంటుంది. వంటగట్టు ఎంత ఎత్తుండాలో మాత్రం వండే మనిషిని ఎవరూ అడగరు. నడుం నొప్పెడితే మనం నోరు తెరిచి చెప్పగలం. వినటం, వినకపోవటం వేరే సంగతి. తాబేలుకి ఆ నోరూ లేదు. అడిగి తెలుసుకోలేం కనక, కనిపెట్టి చూడాలి.

గులకరాయి దానికి అందం కాదు, ఆహారంలా కనిపిస్తుంది. మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. కనక రాళ్ళు దాని తలకన్నా పెద్దవిగా వుండాలి, దొర్లకుండా కుదురుగా వుండాలి. ప్లాస్టిక్ ఆకుల్నీ కొరికి మింగుతుంది. బొమ్మ గుహలో ఇరుక్కుపోతే మునిగి చస్తుంది. అది పీల్చేది మనలా గాలే మరి. నీళ్ళలో ఈదే జీవి అయినా, ఒళ్ళు పూర్తిగా ఆరబెట్టుకోవటానికి పొడి గట్టు తప్పనిసరి. ఆ గట్టుమీద వెచ్చదనానికి ఓ దీపం, చర్మం కాలకుండా దానికి జాలీ వుండాలి. కిటికీ పక్కన పెట్టాం కదా అంటే చాలదు. ఎముకకీ డిప్పకీ బలమిచ్చే కిరణాలు చాలావరకు అద్దం దగ్గరే ఆగిపోతాయి. అందుకు వేరే దీపం కావాలి.

ఇంకోటి. తాబేళ్ళ ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములుండొచ్చు. పిల్లలకి జబ్బులొస్తున్నాయనే అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకం నిషేధించారు. తొట్టి సామాను వంటింట్లో కడక్కండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన అలంకారం చోటు. రూపాయి బిళ్ళంత వున్నప్పుడు కొన్న పిల్ల పళ్ళెమంత అవుతుంది. ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. పెరిగాక ఊరి చెరువులో వదిలేస్తే పుణ్యం అనుకుంటారు కొందరు. అది అక్కడి తాబేళ్ళ తిండికీ, ఎండ కాచుకునే చోటుకీ పోటీ వస్తుంది. ఒకరికి చేసిన ఉపకారం ఇంకొకరి నెత్తిన పడటమంటే ఇదే. అన్నేళ్ళు చూసుకోగలమా అన్న ఆలోచన తొట్టి కొనకముందే రావాలి.

మరి అందమే వద్దా? ఎందుకొద్దు! తేటనీళ్ళు, చదునైన రాయి, శుభ్రం చేసిన ఓ చెక్క దుంగ చాలు. తాబేలు గట్టెక్కి, కాళ్ళు బారజాపి, వెచ్చదనానికి కళ్ళు మూసుకుంటే చూడండి, ఎంత ముచ్చటగా వుంటుందో. ఇంటికొచ్చినవాళ్ళు "ఏమిటండీ, తొట్టి ఇంత బోసిగా వుంది?" అంటే అననివ్వండి. వాళ్ళు ఘడియసేపు కూర్చుని వెళ్ళిపోయేవాళ్ళు.