దిగులు అవిశ్వాసమా?



మూర్ఛ మందులకోసం ఆళ్లగడ్డనుండి నంద్యాలకు బస్సెక్కే కుటుంబాలు మన విచారణల్లోనూ ఉంటాయి. మూర్ఛరోగుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి మందులు వాడినా ఫిట్స్ ఆగవు. అట్టివారు తిండీ నిద్రా మాని, "నేనెందుకు బ్రతకాలి?" అంటే మనం "విశ్వాసం చాలదు, ఇంకా ప్రార్థించు" అంటాం. ఇది న్యాయమా?

మూర్ఛరోగుల్లో మానసిక కుంగుబాటు ఇతరులకంటే ఎక్కువ. రెండింటికీ మెదడుతో సంబంధముంది. కొన్ని మూర్ఛ మందులూ దిగులును పెంచవచ్చు. కనుక అది పాపం కాదు, చికిత్స ఉన్న జబ్బు. డాక్టరుకు చెప్పండి, మందులు మాత్రం సొంతంగా ఆపకండి. చావు మాట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

మార్కు సువార్త 9వ అధ్యాయంలో బిడ్డ నేలపై పడి కొట్టుకొంటుంటే, ఎంతకాలంనుండి ఇలా ఉన్నదని ప్రభువు తండ్రిని అడిగారు. తన విశ్వాసం చాలదని తండ్రే ఒప్పుకొన్నాడు. ఐనా బిడ్డకు స్వస్థత కలిగింది. ఆ బిడ్డ విశ్వాసాన్ని మాత్రం ప్రభువు పరీక్షించలేదు. మనమెందుకు పరీక్షించాలి?

ఈ ఆదివారం పూజ తరువాత అట్టివారి ఇంటికి వెళ్లి, ప్రభువు అడిగిన ప్రశ్నే అడుగుదాం. జవాబు చివరిదాకా విందాం.