పూచీ లేని నిర్దోషి

బుద్ధి మనిషికి దక్కిన భాగ్యాలలో అత్యంత చంచలమైనది. సంపద పోయినవాడిపై జాలిపడే లోకం మతి చలించినవాడిని చూసి జంకుతుంది. ఆ చలనంలో ప్రాణహాని జరిగితే అతడిని మనుష్యుల లెక్క నుంచే తొలగిస్తుంది. ధర్మం అలా విధించలేదు. చిత్తవైకల్యం వల్ల తన చర్య స్వభావాన్ని గానీ, అది తప్పన్న సంగతిని గానీ ఎరుగలేనివాడు చేసింది నేరం కాదని 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షనులో పలికింది. నేటి న్యాయ సంహిత 22వ సెక్షనులో ఆ మాటే నిలిచింది.

నిర్దోషి అయినా అతడికి నేరుగా ఇల్లు దక్కదు. న్యాయస్థానం అతడిని సురక్షిత నిర్బంధంలో ఉంచవచ్చు. లేదా బంధువో మిత్రుడో కోరి పూచీకత్తు ఇస్తే వారికి అప్పగించవచ్చు. ఇక్కడే రోగి ఆరోగ్యం వైద్యుడి చేయి దాటి సంఘం చేతికి వస్తుంది. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోని ఔషధం మతిని కుదుటపరచగలదు గానీ, పూచీపడే బంధువును పుట్టించలేదు. మతి చలించి ప్రాణహాని జరిగిన విషాదాలలో అసువులు బాసినవారు తరచు రోగి సొంత ఇంటివారే. తల్లినో భార్యనో పోగొట్టుకున్న ఆ కుటుంబమే అతడిని మళ్లీ గడపలోకి రానివ్వాలి. దుఃఖితులైన వారిని నిందించడం అధర్మం. వారు మోయలేని భారాన్ని పంచుకోకపోవడం అంతకన్నా అధర్మం.

బాహ్యవలయ రహదారి పక్కన సౌధాలు మేఘాలకెదిగే నార్సింగిలో ఈ ఏకాకితనం మరింత తీవ్రం. పాలమూరు నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చి ఆ గోడలు కట్టే కూలీకి సొంతవూరు దూరం, ఇరుగుపొరుగు పరాయి, సంపాదన ఏ పూటకాపూటే. అటువంటివాడు మతి తప్పి నేరంలో చిక్కితే పూచీ ఎవరు పడతారు? విడుదలై వచ్చినా గది అద్దెకిచ్చేవారు అరుదు. ఎర్రగడ్డకు వెళ్లి మందులు తెచ్చుకోవాలంటే ఆనాటి కూలి వదులుకోవాలి. మాత్ర తప్పుతుంది, నిద్ర తప్పుతుంది, రోగం తిరగబెడుతుంది. లోకమేమో అది అతడి స్వభావమేనంటుంది.

కుటుంబం స్వీకరించలేదనో, నిలువనీడ లేదనో ఎవరినీ చికిత్సాలయంలోనే ఉంచరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షను శాసిస్తుంది. స్వస్థులైనవారికి పునరావాస గృహాలు నెలకొల్పాలని సుప్రీంకోర్టు అదే ఏడాది రాష్ట్రాలను ఆదేశించింది. ఆర్తుడికి ఆశ్రయమివ్వడం ఈ నేలకు కొత్త ధర్మం కాదు, మరచిన ధర్మం. అటువంటి గృహం తమ వీధిలో వద్దనకపోవడం గృహస్థుల విధి. కోలుకున్నవాడికి పని ఇవ్వడం మేస్త్రీ విధి. మందులకు వెళ్లిన రోజు కూలి కోయకపోవడం యజమాని విధి. బంధువుతోపాటు మిత్రుడికీ చట్టం పూచీపడే అవకాశమిచ్చింది; అయినవారు లేనిచోట ఆ పూచీకత్తుపై ఇరుగుపొరుగువారు సంతకం చేయవచ్చు.